ఫిర్దౌసీ కుమార్తె

గుర్రం జాషువా 1932లో వెలువరించిన 'ఫిరదౌసి' కావ్యాన్ని తెలుగు ముస్లిములు తమ ఇంటి పుస్తకంగా చదువుకొంటూ వచ్చారు. మాట తప్పిన గజనీ సుల్తాను, బంగారానికి బదులు వచ్చిన వెండి నాణెములు, మసీదు గోడపై కవి వ్రాసిపోయిన పద్యములు, అడవిదారిన పలాయనం: ఇవన్నీ తెలిసినవే. సభలలో ప్రసంగించేవారు కూడా ఇక్కడనే ఆగిపోతారు. రాజు కంటే కవి గొప్ప అని తేల్చి, చప్పట్లు అందుకొని వేదిక దిగుతారు. ఈ కథలో ఒక తండ్రి, ఒక కూతురు ఉన్నారన్న సంగతి ఎవరికీ పట్టినట్లు లేదు.

ఈ వృత్తాంతానికి ప్రాచీనమైన ఆధారం నిజామీ అరూజీ సమర్ఖందీ రచించిన పారసీ గ్రంథం 'చహార్ మఖాలా'. కవి గతించిన సుమారు నూరేండ్లకు, హిజ్రీ 510లో, ఈయన తూస్ వెళ్ళి సమాధిని దర్శించాడు. ఈయన చెప్పిన ప్రకారం ఫిర్దౌసీకి ఒక్కతే కూతురు. షాహ్‌నామాకు లభించే బహుమానంతో ఆమెకు 'జహాజ్' సమకూర్చాలన్నదే పాతికేండ్ల శ్రమ వెనుక తండ్రి ఆశ. ఉర్దూలో మనం జహేజ్ అనే మాట ఇదే. దీనిని 'వరకట్నం' అని తెలుగు చేయడం పొరపాటు. కట్నం వరునికి ముట్టేది. జహేజ్ పుట్టింటినుండి కూతురి వెంట వెళ్ళే సామాను. మన ఇండ్లలో నేడు రెండూ కలిసిపోయి, ఖుర్ఆన్ విధించిన మహర్ మాత్రం నిఖా కాగితం మీద ఒక అంకెగా మిగిలిపోవడం వేరే కథ.

పర్చూరు పరిసరాల నల్లరేగడిలో పత్తి, మిరప పండించే కౌలుదారుకు ఈ తండ్రిని పరిచయం చేయనక్కరలేదు. పంట చేతికి వస్తే పిల్ల పెళ్ళి. రాకపోతే మరో ఏడు వాయిదా, దానిపై వడ్డీ. 1987-88లో తెల్లదోమ పత్తిని పీల్చివేసినపుడు గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతులు పురుగుమందు త్రాగి ప్రాణాలు తీసుకొన్నారు. తండ్రి పోయినా బాకీ పోలేదు. షరీఅత్ ప్రకారం మృతుని అప్పు అతడు విడిచిన ఆస్తినుండి, వారసుల పంపకానికి ముందే తీరాలి. ఆస్తి చాలనప్పుడు మిగిలిన భారం పిల్లల మెడకు చుట్టుకోదు. చట్టమూ దాదాపు ఇదే చెబుతుంది. ఊరి రచ్చబండ మాత్రం ఇంకొకటి చెబుతుంది. బాకీ కొడుకు పేరున తిరగ వ్రాయబడుతుంది. బడి మాన్పించబడినది కూతురైతే ఆ లెక్క ఏ కాగితంలోనూ కనబడదు.

ఇటువంటి ఇంటినుండి చూచినపుడే అరూజీ కథలోని చివరి ఘట్టం బరువు తెలుస్తుంది. సుల్తాను పంపిన అరవై వేల దీనారుల విలువైన నీలిమందు ఒంటెలపై రూద్‌బార్ ద్వారం గుండా ఊరిలోనికి వస్తూండగా, రజాన్ ద్వారం గుండా కవి జనాజా వెలుపలికి పోతున్నది. ఏ పిల్ల పెళ్ళికోసం గ్రంథం మొదలైనదో ఆ పిల్ల ముందుకే ఆ సొమ్ము తెచ్చారు. ఆమె అక్కరలేదన్నది. దానితో మర్వ్, నైషాపూర్ దారిలోని సత్రాన్ని బాగుచేయించారని అరూజీ వ్రాశాడు. జాషువా కావ్యంలోనూ కుమార్తె ధనాన్ని త్రోసిపుచ్చుతుంది. దీనిని ఆత్మాభిమానమని మెచ్చుకొని వదిలివేయడం తేలిక. తండ్రి ఎదురుచూపునంతా ఇంట్లో ఉండి చూచిన మనిషికి, ఆ దీనారులలో గడిచిపోయిన తన బాల్యం కూడా కనబడి ఉండదా?

ఈ ఒంటెల కథను చరిత్ర పరిశోధకులు నమ్మరు. కావచ్చు. అయితే, అరవై అయిదేండ్లు దాటిన తన కళ్ళముందే ముప్పది ఏడేండ్ల కుమారుడు పోయాడని ఫిర్దౌసీ షాహ్‌నామాలోనే విలపించాడు. ఆ దుఃఖం ఎవరో కల్పించినది కాదు.

జాషువాకు ఈ కథ ఎందుకు తగిలిందో ఆయన పద్య స్వీయచరిత్ర 'నా కథ' చదివినవారికి విడమరచి చెప్పనవసరం లేదు. 1895లో వినుకొండలో పుట్టుక. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, మతం క్రైస్తవం. కులం పేరిట పడిన అవమానం ఆయన సంపాదించుకొన్నది కాదు, పుట్టుకతో చేతికందినది. తూస్‌లో ఫిర్దౌసీ శవాన్ని ముస్లిముల ఖబరస్తానులోనికి రానీయరాదని ఒక బోధకుడు అడ్డుపడగా, చివరకు స్వంత తోటలో ఖననం చేశారని అరూజీ చెబుతాడు. ఈ బోధకుణ్ణి మన వ్యాఖ్యాతలు సుల్తానును తలచినంతగా తలచరు. ఇంటివాడు కదా! జాషువా కావ్యంలో ఒక లోపం కూడా ఉన్నది. వంచితుడైన కవి ఆగ్రహం అంత ఎత్తున లేచేసరికి ఇంటివారి మాటకు చోటు తగ్గింది.

ఆ చోటును మరొక విధంగా పూరించినది జాషువా కుమార్తె హేమలతా లవణం (1932-2008). తండ్రిని గురించి 'మా నాన్నగారు' వ్రాసిన ఈమె పనిచేసినది పర్చూరుకు ఎంతో దూరం లేని స్టువార్టుపురంలో. నేరస్థ జాతుల చట్టం క్రింద పుట్టిన బిడ్డకే దొంగ అన్న ముద్ర వేసిన కుటుంబాల మధ్య ఆమె ఏండ్ల తరబడి మెలిగారు. ఫిర్దౌసీ మీద మన భాషలో వచ్చిన వ్యాసాలలో ఈ కూతురి ప్రస్తావన అరుదు.

చహార్ మఖాలా ఆనాటి కూతురి పేరైనా చెప్పలేదు. రేపు ఎవరైనా దానిని పారసీనుండి నేరుగా తెలుగు చేయబూనితే, 'జహాజ్' అన్న మాటను మార్చకుండా అలాగే ఉంచి, క్రింద నాలుగు మాటల వివరణ ఇస్తే చాలు. పర్చూరు వైపు పాఠకుడు తక్కినది తానే చదువుకొంటాడు.