ఉప్పు కప్పురంబు : హాస్యౌచిత్యవిచారము

తెలుగు బాలురు మొట్టమొదట గంఠస్థము చేయు వేమన పద్యములలో నుప్పును గప్పురమును బోల్చిన పద్య మొకటి. రెండును జూపునకు దెల్లనివే. రుచి చూచినవానికి మాత్రము వేరువేరు. నెల్లూరుసీమ సముద్రతీరవాసుల కీయుపమానమును వ్యాఖ్యానింప బనిలేదు. అల్లూరు, ఇస్కపల్లి ప్రాంతముల యుప్పుమడులలో నుప్పునీటిని నిలిపి, యెండ కిగురనిచ్చి, పేరిన కల్లును గుప్పలు వోయు జనులకు దెల్లనివన్నియు బాలు కావను మాట సామెత గాదు, నిత్యానుభవము.

వేమన యీయుపమానమును బురుషభేదము జెప్పుటకు వాడెను. హాస్యభేదము జెప్పుటకును నది చక్కగా బనికివచ్చును. కప్పుర మంటించినంతనే భగ్గున వెలిగి, క్షణకాలము కన్నులకు వేడుక గొల్పి, యడుగున నేమియు మిగులక పోవును. ఉప్పు వెలుగదు, వ్యంజనమున గరగి కనబడకుండును, కాని యది లోపించిననాడు షడ్రసములలో దక్కిన యైదు నున్నను వంట నోటికి రాదు. కేకలవలనను ముఖవికారములవలనను బుట్టు నవ్వు కప్పురమువంటిది. కథలో గరగిన నవ్వు ఉప్పువంటిది. ఈభేదమును విస్మరించుటచే నొక మంచి కథాబీజ మెట్లు వ్యర్థమగునో, ఆపద్యపు మొదటి పదములనే పేరుగా దాల్చిన యొక చలనచిత్రము చూపుచున్నది.

‘ఉప్పు కప్పురంబు’ 2025వ సంవత్సరము జూలై 4వ తేదీన అమెజాన్ ప్రైమ్ వీడియో ద్వారా, చిత్రశాలల కెక్కకయే, నేరుగా నిండ్లలోని తెరలకు వచ్చినది. రచయిత వసంత్ మరింగంటి. దర్శకుడు అని ఐ. వి. శశి, నిర్మాత రాధికా లావు. కీర్తి సురేశ్, సుహాస్ ప్రధానపాత్రలు ధరించిరి; బాబుమోహన్, శత్రు, తాళ్లూరి రామేశ్వరి యితర ముఖ్యపాత్రలలో గానవత్తురు. నటీనటులు పేరుగన్నవారే యైనను, వీరనాయకుని విజృంభణములు గాని ముష్టియుద్ధములు గాని లేక, యొక చిన్నయూరి చిక్కునే వస్తువుగా గొన్న స్వతంత్రధోరణి దీనిది. ఇట్టి చిత్రములకు రచనయే యూత. అందుచే దీనియందు గుణమైనను దోషమైనను రచననుబట్టియే విచారింపదగును.

కథాస్థానము చిట్టి జయపురమను కల్పితగ్రామము. కాలము గతశతాబ్దపు జివరి దశకము. ఆయూర మృతులను బూడ్చుట యాచారము. తండ్రి మరణింపగా గ్రామపు బెద్దరిక మపూర్వ యను యువతి మీద బడును. అనుభవము లేని యామెకు గాటికాపరియైన చిన్న తెచ్చిన వార్త యేమనగా, శ్మశానమున నింక నలుగురికి మాత్రమే చోటున్నదని. ఆ నాలుగు గోతులకై బ్రతికియున్నవారిలో బోటీ పుట్టును, చీటీలు వేయవలసివచ్చును. వేరొక వైపున, తన తల్లి కానేలలోనే చోటు దొరకవలెనన్నది కాటికాపరి కోరిక.

కథాబీజమును మెచ్చుకొనక తప్పదు. భరతుడు నాట్యశాస్త్ర షష్ఠాధ్యాయమున, హాసము స్థాయిభావముగా గల హాస్యమునకు వికృతవేషము, ధార్ష్ట్యము, లౌల్యము, అసత్ప్రలాపము, దోషోదాహరణము మొదలగు విభావములను జెప్పెను. అభినవగుప్తు డింకను లోతునకు బోయి, అనౌచిత్యము చేరినచో నేరసమైనను నాభాసమై హాస్యమునకు దారితీయునని నిర్ణయించెను. బంధువు కానివానికై యేడ్చినచో నాకరుణమును హాస్యమే యగునని యుదాహరించెను. ఈలక్షణమునకు జిట్టి జయపురపు గథ యచ్చమైన లక్ష్యము. చావు రాకముందే గోతికై వగచువాని శోకము శోకము గాదు, శోకాభాసము. బ్రతుకున దొరకని గౌరవమును మట్టిలో నాశించుట లౌల్యమునకు బరాకాష్ఠ. ఇట్టి వస్తువు దొరకినప్పుడు పాత్రలు తమ గోడును గంభీరముగా జెప్పుకొన్న జాలును. వారెంత గంభీరముగా నున్న బ్రేక్షకుడంత నవ్వును. నవ్వింపవలెనను కోరిక పాత్రలయందు గానబడినంతనే యీబలము నశించును.

రచన తప్పటడుగు వేసిన దిచ్చటనే. తన వస్తువు తానే నవ్వింపగలదను నమ్మకము రచయితకు జాలలేదు. అపూర్వ భయస్థురాలని చెప్పవలసివచ్చినప్పుడెల్ల గన్నులు త్రిప్పుట, ఉలికిపడుట, తొట్రుపడుట యనునవియే సామగ్రి. గ్రామపెద్దలు వాదించునప్పుడు వాదమునందలి వక్రతకంటె గంఠముల హోరు మిక్కుటము. భరతుడు హాస్యము నారు తెఱగులుగా విభజించి స్మితహసితముల నుత్తములకును, విహసితోపహసితముల మధ్యములకును, అపహసితాతిహసితముల నధములకును జెప్పెను. ఈవిభాగమున నొక క్రమము గలదు: చెక్కిళ్లు కొంచెము వికసించుట మొదలుకొని పార్శ్వములు పట్టుకొని నవ్వుట వఱకు నది మెట్లుమెట్లుగా నెక్కును. మొదటి ఘట్టములలోనే కడపటి మెట్టున నిలిచిన చిత్రమున కింక నెక్కుటకు మెట్టు లేదు. అందుచే దరువాతి ఘట్టములు మొదటివానికి బునరుక్తులైనవి. చీటీల ఘట్టము కథకు గీలకము. చావునకు జీటీ వేయు సభలో నొక్కనికైన నొడలు జలదరింపవలదా? ఆజలదరింపు లేకుండుటచే నటుపిమ్మటి కలహములు దేనికై జరుగుచున్నవో ప్రేక్షకుడు మఱచిపోవును.

భయస్థునిపై హాస్యము నెట్లు నిర్వహింపవలెనో తెలుగువారికి బెన్నాతీరమున నేడువందల యేండ్లకు బూర్వమే పాఠము చెప్పబడినది. నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రియైన తిక్కన విరాటపర్వముతో భారతరచన నారంభించెను. అందలి యుత్తరుడు అపూర్వకు సరియైన యుపమానము. ఇరువురును శక్తికి మించిన భారము నెత్తిన బడిన పిన్నవారు. ఉత్తరు డంతఃపురస్త్రీల నడుమ సారథి యొక్కడున్న గౌరవసేనను గెలుతునని బీరములు పలుకును. బృహన్నల సారథిగా దొరకినంతనే యాబీరములు వాని మెడకు జుట్టుకొనును. సేనను గన్నులార జూచి రథము దుమికి పరుగెత్తును. ఇచట నవ్వునకు గారణము పరుగు గాదు. ముందు పలికిన మాటకును నిప్పటి పరుగునకును గల దూరము. ఆదూరమును గవి ముందుగానే కొలిచి పెట్టినాడు.

అంతతో నాహాస్యము ముగియదు. అర్జునుడు వానిని బట్టి తెచ్చి ధైర్యము చెప్పి సారథిగా గూర్చుండబెట్టగా, పారిపోయినవాడే యాసేననడుమ బగ్గములు పట్టును. అచట విరాటుడు కొడుకే గెలిచెనని పొంగిపోవుచుండ, గంకుడు బృహన్నలను బొగడును. విరాటుడు పాచికతో గొట్టగా ధర్మరాజు ముఖమున నెత్తు రొలుకును. అంతఃపురమున బుట్టిన చిన్ననవ్వు కొలువుకూటమున నెత్తురై తేలినది. నవ్వు కథలో గరగుట యనగా నిదియే. ఉత్తరుని బీరములను దీసివేసినచో దరువాతి కథ నిలువదు. అపూర్వ ముఖవికారములను దీసివేసినను జిట్టి జయపురపు గథలో నొక్క సన్నివేశమునకును లోపము రాదు. కథాంతమున నామె నిలదొక్కుకొనుట యుచితమే. కాని యాధైర్య మేయొక్క సంఘటనవలన గలిగెనో చెప్పు మెట్లు కథనమున లోపించినవి.

చిత్రనామమును వ్యాకరణదృష్టితో విచారించినచో నిది ద్వంద్వసమాసము. ఉభయపదార్థప్రాధాన్యము ద్వంద్వలక్షణము. నవ్వును దుఃఖమును సమప్రధానములై నడువవలసిన కథకు నిది తగిన పేరే. దుఃఖపక్షమును వహింపవలసిన పాత్ర కాటికాపరి. తెలుగుదేశమున హరిశ్చంద్రనాటకమును జూచి కంట దడి పెట్టని పల్లె యరుదు. కాటికాపరియైన రాజు, భార్య తెచ్చిన కన్నకొడుకు శవమునకే కాటిసుంక మడుగు ఘట్టమును, అందు నటులు జేర్చి పాడు జాషువ శ్మశానవాటి పద్యములను నెఱిగిన ప్రేక్షకలోకమిది. కాటికాపరి నియమమును గాచువాడు, ఆనియమముచేతనే నలుగువాడు. చిన్న యను పాత్ర యీవంశమున బుట్టినదే. హరిశ్చంద్రుడు కొడుకునకై నియమమును సడలింపలేకపోయెను. చిన్న తల్లికై సడలింప దలచుచున్నాడు. ఊరి చావుల కెల్ల జోటు చూపువాడు తన యింటి చావునకు జోటడుగవలసివచ్చుట కంటె గొప్ప సన్నివేశ మేది? సుహాస్ సంయమముతో నటించుటచే నాపాత్ర కొంత నిలిచినది. కాని రచన యాదుఃఖమును బండనీయక, నవ్వు కొఱవడునేమో యని తొందరపడి మఱల నల్లరిలోనికి దిగును. తుదకు ద్వంద్వము పోయి బహువ్రీహి మిగిలినది: రెండు పదముల యర్థములును గౌణములై, వాని వెలుపల నున్న యన్యపదార్థము, అనగా నటుల చేష్ట, ప్రధానమై కూర్చున్నది.

కాలక్షేపమునకై తీసిన చిత్రమునకు భరతాభినవగుప్తుల త్రాసేల యని యాక్షేపింపవచ్చును. ఇది కఠినవిమర్శ కాదు. ఈరచయితకే తెలిసిన విద్యను జ్ఞాపకము చేయుట. 2021లో నెట్‌ఫ్లిక్సు ద్వారా వెలువడిన ‘సినిమా బండి’ యును వసంత్ మరింగంటి రచించినదే. దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగుల. తన ఆటోలో నెవరో మఱచిపోయిన కెమెరా దొరకగా, వీరబాబను పల్లెవాడు, పెండ్లిండ్లలో ఛాయాచిత్రములు తీయు గణపతి సాయముతో నూరివారినే నటులుగా జేసి చిత్రము తీయబూనుట యందలి కథ. కూరగాయ లమ్ము పడుచు నాయిక. వారిలో నొక్కరును నవ్వింపవలెనని ప్రయత్నింపరు. మంచి చిత్రము తీయవలెనని మాత్రమే ప్రయత్నింతురు. ఆశ్రద్ధకును నేర్పులేమికిని నడుమ నవ్వు పుట్టినది. పేరున్న నటులు లేకయే సాధింపబడిన యీగుణము, పేరున్న నటులు వచ్చినప్పుడు చేజారుట శోచనీయము.

హాస్యమునకు మాటయే యాధారమనుటకు నెల్లూరుసీమయే మఱియొక నిదర్శన మిచ్చినది. 1921లో నీజిల్లాలో జన్మించి 1974లో గతించిన రమణారెడ్డి బక్కపలుచని దేహమునకు దోడు తన సీమ పలుకుబడిని దెరమీద నిలిపినవాడు. 1957 నాటి ‘మాయాబజారు’ చిత్రమున నతడు చినమయ వేషము ధరించెను. ఆచిత్రమునకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు, అస్మదీయశబ్దమును జూచి ఘటోత్కచుని కొలువున ‘తసమదీయులు’ అను మాటను బుట్టించెను. అస్మచ్ఛబ్దమువలన నస్మదీయము సిద్ధించును గాని, తచ్ఛబ్దమువలన దదీయమే సిద్ధించును. తస్మదను ప్రాతిపదికమే లేదు. పండితు డీయపశబ్దమునకు నవ్వును. వ్యాకరణ మెఱుగనివా డామాట పొంకమునకు నవ్వును. ఇరువురును నొక్కక్షణముననే నవ్వుదురు. తప్పు మాట యైనను, అది రాక్షసుల కొలువునకు దగిన తప్పు. ‘ఉప్పు కప్పురంబు’ చూచి వచ్చినవాని నోట నిట్టి మాట యొక్కటియు మిగులదు. గ్రామ్యోచ్చారణమును మాత్రము నవ్వునకు బెట్టుబడిగా బెట్టినచో, ఆయుచ్చారణమే మాతృభాషగా గల తీరవాసియు బల్లెవాసియు దమ్మునుగూర్చియే లోకము నవ్వుచున్నదని చిన్నబోవుదురు.

ఇట్టి చిత్రము విఫలమగుటవలని నష్ట మొక్క చిత్రముతో బోదు. మహానాయకుల చిత్రములు రచన కుంటువడినను నాయకుని పేరుతో నడచును. చిన్నకథకు రచన తప్ప వేఱు చేతికఱ్ఱ లేదు. అది పడిపోయినప్పుడు ధనము పెట్టువారు రచన చెడెనని యనుకొనరు. శ్మశానము, మరణము, గ్రామపు గట్టుబాట్లు హాస్యమునకు బనికిరాని వస్తువులని నిశ్చయింతురు. చచ్చినవానికి నేలయం దెవ్వరు చోటిత్తురు, ఎవ్వరి నావల నుంతురు అను ప్రశ్న మన పల్లెలలో నవ్వుటాల ప్రశ్న గాదు. దానిని నవ్వుమూలమున నడుగ సాహసించిన తెలుగుచిత్రము చేతికందినట్లే యంది జాఱిపోవుట యాశాభంగమునకు ముఖ్యకారణము.

విరాటపర్వమును బాఠము చెప్పు పండితు లుత్తరుని ఘట్టమునకు వచ్చినప్పు డీచిత్రమును బ్రత్యుదాహరణముగా జూపవచ్చును. సూత్రము ప్రవర్తింపని చోటును జూచినగాని సూత్రార్థము శిష్యునకు బూర్తిగా దెలియదు. హాస్యరచనకు బూనువారును గలము పట్టుటకు ముందాఘట్టము నొక్కమాఱు చదువుట మేలు.