తొట్టి నీళ్ళ సంగతి

ఇంట్లో ఫిల్ము కడుక్కునేవాళ్ళను కదిలించి చూడండి. డెవలపర్ గురించి అరగంట మాట్లాడతారు. ఏ కంపెనీది, ఎంత పలచన చేయాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి, ట్యాంకును ఎలా తిప్పాలి, అన్నీ చెబుతారు. ఫిక్సర్ గురించి ఇంకో పది నిమిషాలు. ఆ మందుల సీసాలన్నీ మెడలోతు మునిగి నిలబడ్డ తొట్టి నీళ్ళ గురించి మాత్రం ఒక్క మాట రాదు. ఆ నీళ్ళు ఫిల్ముకు తగలవు కదా అంటారు. తగులుతాయి. నెగటివ్ మీద చుక్కలు, మచ్చలు, అతుక్కుపోయిన నలుసులు కనబడితే డెవలపర్‌నీ కెమెరానూ తిట్టుకునే ముందు ఆ తొట్టి అడుగును వేలితో తడిమి చూడాలి. వేలు జారితే సగం జవాబు దొరికినట్టే.

తొట్టి పని వేడిని నిలపడం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు రివాజుగా 20 డిగ్రీల సెల్సియస్. కలర్ నెగటివ్‌కు కొడాక్ 1972లో తెచ్చిన సీ-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, 3 నిమిషాల 15 సెకన్లు. అటూ ఇటూ 0.15 డిగ్రీకి మించి తేడా రాకూడదని కంపెనీ నిబంధన. లీటరు సీసాను గదిలో ఊరికే ఉంచితే అంత నిలకడ ఎలా వస్తుంది? పది పదిహేను లీటర్ల నీళ్ళలో నిలబెడితేనే వస్తుంది. అందుకే జర్మనీ జోబో కంపెనీ యంత్రాల్లో సీసాలూ ట్యాంకూ ఒకే నీళ్ళతొట్టిలో ఉంటాయి. ఇప్పుడు చాలామంది ఒక ప్లాస్టిక్ టబ్బులో వంటకు వాడే సూ వీడ్ హీటరు తగిలించి అదే పని కానిస్తున్నారు. నీళ్ళను వేడి చేస్తూ, తిప్పుతూ ఉండే ఆ కడ్డీ వల్ల ఈ విద్య మళ్ళీ ఇళ్ళలోకి వచ్చింది. దాంతోపాటు పాచి కూడా వచ్చింది.

ఎందుకు రాదు? 38 డిగ్రీలంటే బ్యాక్టీరియాకు పండగే. కార్పొరేషన్ నీళ్ళలో ఉండే కాస్త క్లోరిన్ వేడికి, నిలవకు ఎగిరిపోతుంది. కాపలా పోయాక సూక్ష్మజీవులు తొట్టి గోడలకు, హీటరు కడ్డీ లోపలికి, పంపు గొట్టంలోకి చేరి జిగురుపొర కట్టుకుంటాయి. వాటికి తిండి మనమే పెడతాం. 1871లో రిచర్డ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు సూచించిన దగ్గర్నుంచి ఫొటో పూతకు ఆధారం జిలాటినే, అంటే జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసిన ప్రోటీన్. రీలు మార్చినప్పుడు, ట్యాంకు కడిగినప్పుడు చిందిన తుంపర్లలో దాని ఛాయలు ఉంటాయి, చేతి జిడ్డు ఉంటుంది. కిటికీ పక్కన తొట్టిని వారం వదిలేస్తే వెలుతురు తోడై ఆకుపచ్చ నాచు కూడా వస్తుంది. అది నయం, కనీసం కంటికి కనబడుతుంది. అసలు తంటా రంగులేని జిగురుతోనే.

ఇక అది ఫిల్ము దాకా ఎలా వెళుతుంది? తొట్టిలోంచి సీసా ఎత్తి ట్యాంకులోకి వంచుతారు. సీసా ఒంటికి అంటుకున్న నీళ్ళు కూడా ధారతో కలిసి లోపలికి జారతాయి. ప్లాస్టిక్ ట్యాంకు మూత అంచు కింద నీళ్ళు నిలుస్తాయి, మూత తీయగానే రీలు మీద పడతాయి. థర్మామీటర్‌ను తొట్టిలో ముంచి, తుడవకుండా అదే చేత్తో డెవలపర్‌లో ముంచుతారు. సీసా మూత వదులుగా ఉంటే తొట్టే లోపలికి వస్తుంది. తడిసిన జిలాటిన్ ఉబ్బి మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ సమయంలో దాని మీద వాలిన జిగురుముక్క దిగబడిపోతుంది. ఆరాక తుడిస్తే పోదు, గీత పడుతుంది.

పాచి కన్నా పెద్ద ప్రమాదం మందులు ఒకదాని దారిలోకి ఒకటి రావడం. ఫిక్సర్ చుక్కలు తొట్టిలో పడి, అక్కణ్ణుంచి డెవలపర్‌లోకి చేరితే నెగటివ్ మీద ఒక వింత మసక వస్తుంది. పైనుంచి చూస్తే పసుపుపచ్చగా, వెలుగుకు పట్టి చూస్తే ఎర్రగా కనబడుతుంది. కలర్‌లో ఇంకా ఘోరం. బ్లీచు, ఫిక్సరు కలిసిన బ్లిక్స్ కొన్ని చుక్కలు పడితే చాలు, సీ-41 డెవలపర్ సీసా మొత్తం పారబోయాల్సిందే. నిజానికి ఆ సీసాలన్నిటినీ ఒకే తొట్టిలో నిలబెట్టే అవసరమే లేదు. కొడాక్ లెక్క ప్రకారమే సీ-41లో బ్లీచు, ఫిక్సరు 24 నుంచి 41 డిగ్రీల మధ్య ఎక్కడున్నా పని చేస్తాయి, పట్టింపంతా డెవలపర్‌కే. కాబట్టి డెవలపర్, ట్యాంకు పెద్ద తొట్టిలో, మిగతావి పక్కన ఒక గోరువెచ్చని బకెట్టులో. ఈ ఒక్క ఏర్పాటుతో సగం తలనొప్పి తగ్గుతుంది. సీసా ఎత్తగానే ఒంటిని గుడ్డతో ఒత్తే అలవాటు, ఒక్కో మందుకు ఒక్కో కొలత గ్లాసు, ట్యాంకు మూత తీసే ముందు అంచు చుట్టూ తుడవడం. వీటికి పైసా ఖర్చు లేదు.

తొట్టిని శుభ్రంగా ఉంచడానికి ఏ మందు వేయాలి అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఈతకొలనుల్లో నాచుకు వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ కొద్దిగా కలుపుతారు కొందరు. రోజూ ఫిల్ము కడిగే చోట, తొట్టిని ఖాళీ చేయడం కుదరని చోట అది సబబే కావచ్చు. ఇంట్లో మాత్రం నాకు ఆ పద్ధతి నచ్చదు. సబ్బు జాతి మందు అది, నురుగు వస్తుంది, చిందితే ఫిల్ము దాకా పోతుంది. ఎండిన గోడ మీద పాచి పెరగదు. పని ముగిసిన రోజే నీళ్ళు పారబోసి, మెత్తటి స్పాంజితో అడుగు, మూలలు రుద్ది, బోర్లించి ఆరబెట్టాలి. గొట్టం ఉంటే ఊది నీళ్ళు వదిలించి వేలాడదీయాలి. పంపు గొట్టంలో నిలిచిన గుక్కెడు నీళ్ళే వచ్చే వారం కొత్త నీళ్ళను పాడు చేస్తాయి. “మళ్ళీ రేపు పని ఉందిగా” అని నీళ్ళు అలాగే ఉంచడం దగ్గరే అన్నీ మొదలవుతాయి.

అప్పటికే జిగురు పట్టి ఉంటే బ్లీచు తప్పదు. ఇంట్లో వాడే ద్రవ బ్లీచును లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల లెక్కన కలిపి, పావుగంట ఉంచి, స్పాంజితో రుద్ది, మూడు నాలుగు నీళ్ళతో కడిగేయాలి. స్టీలు తొట్టి అయితే అంతసేపు ఉంచకూడదు, గుంటలు పడతాయి. ఈ బ్లీచుతో రెండు జాగ్రత్తలు. మొదటిది ప్రాణానికి సంబంధించినది: డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌లోని ఎసిటిక్ ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అమోనియం ఉన్న ర్యాపిడ్ ఫిక్సర్‌తో కలిస్తే క్లోరమైన్లు వస్తాయి. కిటికీ లేని బాత్‌రూమే డార్క్‌రూమైన ఇంట్లో ఇది ఆటలాడే విషయం కాదు. మందుల సీసాలన్నీ బయట పెట్టాకే బ్లీచు మూత తీయాలి. రెండోది ఫిల్ముకు సంబంధించినది. పనికిరాని నెగటివ్‌ల మీద పూత ఊడగొట్టి ఉత్త ప్లాస్టిక్ మిగుల్చుకోవడానికి జనం వాడేది ఈ బ్లీచునే. తొట్టిలో దాని వాసన మిగిలి ఉండగా ఫిల్ము పని పెట్టుకోకూడదు.

బోరునీళ్ళ ఊళ్ళలో ఇంకో పీడ, తెల్లటి సున్నపు పెచ్చు. గీజరు కాయిలు మీద పట్టేదే హీటరు కడ్డీ మీదా పడుతుంది. పెచ్చు దళసరి అయ్యేకొద్దీ వేడి నీళ్ళలోకి సరిగా దిగదు, విరిగిన రేణువులు పంపు వేగానికి తొట్టంతా తిరుగుతాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్ళలో కలిపి కడ్డీని అరగంట ముంచితే కరిగిపోతుంది. బ్లీచు పెట్టిన రోజు నిమ్మ ఉప్పు వద్దు. అదీ ఆమ్లమే.

మన ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. మే నెలలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు ఒంటికి పోసుకోవడానికే భయం, బ్లాక్ అండ్ వైట్ కోసం వాటిని 20 డిగ్రీలకు దించాలి. ఐసు కావాలి. ఐసు ఫ్యాక్టరీ గడ్డకు ఊకో, రంపపు పొట్టో అంటుకుని ఉంటుంది. దాన్ని నేరుగా తొట్టిలో వేస్తే కరిగేకొద్దీ ఆ చెత్తంతా నీళ్ళలో తేలుతుంది. నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, మూత బిగించి, ఒక్కొక్కటే దింపడం మేలు. చల్లదనం వస్తుంది, మురికి రాదు, తీసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే 24 డిగ్రీల దగ్గర ఆగిపోవచ్చు. 20 దగ్గర పది నిమిషాలు పట్టే డెవలపింగ్ అక్కడ సుమారు ఏడు నిమిషాల్లో అవుతుంది. కడిగే నీళ్ళను కూడా ఆ తొట్టిలోనే ఒక పాత్రలో ఉంచి అదే వేడికి తేవాలి. చల్లటి మందులోంచి తీసి కుళాయి కింద ఉడుకునీళ్ళలో పెడితే పూత ముడతలుపడి సన్నటి బీటల వల లాగా తయారవుతుంది. దానికి విరుగుడు లేదు.

ఇలాంటి పట్టింపులు ఫొటోగ్రఫీకి కొత్త కాదు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో గాజుపలకను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచేవారు. పలక వెంట పలక ముంచేకొద్దీ అందులో ఈథరు, ఆల్కహాలు, దుమ్ము చేరి బొమ్మలు మసకబారేవి. వెండి ఖరీదు, పారబోయలేరు. ద్రావణం ఆమ్లగుణాన్ని కాస్త సోడాతో విరిచి, గాజు సీసాలో పోసి ఎండలో పెట్టేవారు. ఎండకు లోపలి మలినం వెండితో కలిసి నల్లటి మడ్డిగా అడుగుకు దిగేది. వడకట్టి, మళ్ళీ ఆమ్లం చేర్చి వాడుకునేవారు. ఇవాళ తడిపలకలు తీసే కొద్దిమందీ ఇదే చేస్తున్నారు. డార్క్‌రూములో ఎండకు దొరికిన ఏకైక ఉద్యోగం బహుశా అదే.

చివరి కడుగుడు గురించి రెండు మాటలు. గంటల తరబడి కుళాయి ధార అక్కర్లేదు. ఇల్‌ఫోర్డ్ చెప్పిన పద్ధతిలో ట్యాంకును నీళ్ళతో నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి, మళ్ళీ నింపి 10 సార్లు, మళ్ళీ నింపి 20 సార్లు. గట్టిపరిచే మందు లేని ర్యాపిడ్ ఫిక్సర్ వాడితేనే ఇది చెల్లుతుంది. ఆఖరున డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క వెట్టింగ్ ఏజెంట్, అంటే నీళ్ళు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు. బ్యాటరీలకు అమ్మేది కాకుండా మందుల షాపులోదైతే నాకు నమ్మకం ఎక్కువ. ఈ ఆఖరి నీళ్ళను ప్రతిసారీ కొత్తగా కలపాలి. వెట్టింగ్ ఏజెంట్ కలిపిన నీళ్ళను సీసాలో దాచుకుంటే కొన్నాళ్ళకు అడుగున తెల్లటి తీగలు కనబడతాయి. అవి ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు.

తొట్టి నీళ్ళు ఎక్కడ పోయాలి? మందులు చిందలేదని నమ్మకం ఉంటే మురుగులోకి వదిలేయొచ్చు. ఫిక్సర్ పడిందని అనుమానం ఉంటే మొక్కలకు పోయవద్దు, చెరువులోకి పోయే కాలవలో అసలే వద్దు, అందులో కరిగిన వెండి నీళ్ళలో బతికే జీవులకు విషం. వాడేసిన ఫిక్సర్‌ను విడిగా క్యాన్‌లో పోగేసి, వెండి తీసేవాళ్ళు దగ్గర్లో ఉంటే వాళ్ళకు ఇవ్వడం మంచిది. ఎక్స్‌రే ఫిల్ముల రోజుల నుంచి ఆ వ్యాపారం ఉన్నదే. తొట్టికి, వంటింటి గిన్నెలకు మాత్రం పొత్తు పెట్టవద్దు, సూ వీడ్ కడ్డీతో సహా. ఒకసారి డార్క్‌రూములోకి వచ్చిన సామాను మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, ఇంట్లో ఎవరు ఎంత అడిగినా.