వెళ్లిపోయినవాడి కలం, ఉండిపోయినవాడి మౌనం

తొలిప్రేమను తలచుకోవడం సాహిత్యంలో పాత వస్తువే. అయితే ఆ ప్రేమ ఇద్దరు పురుషుల మధ్యది, లోకం కంటబడకుండా దాచుకున్నది అయినప్పుడు మరో ప్రశ్న తలెత్తుతుంది. దశాబ్దాల తర్వాత దాన్ని చెప్పుకునే అవకాశం ఇద్దరిలో ఎవరికి దక్కింది? ఫ్రెంచి రచయిత ఫిలిప్ బెసోన్ 2017లో వెలువరించిన నవలను ఈ ప్రశ్నతోనే చదవాలి. దాని పేరును తెలుగులో 'అబద్ధాలు కట్టిపెట్టు' అనవచ్చు. కథలల్లే కొడుకును తల్లి మందలించే మాట అది. 2019లో నటి మోలీ రింగ్‌వాల్డ్ చేసిన ఇంగ్లీషు అనువాదం వెలువడింది.

కథ 1984లో మొదలవుతుంది. స్థలం నైరుతి ఫ్రాన్సులోని బార్బెజ్యు అనే చిన్న పట్టణం. కథకుడు పదిహేడేళ్లవాడు, బడిపంతులు కొడుకు. థామస్ రైతు కొడుకు. తమ సంబంధం ఎవరికీ తెలియరాదన్నది థామస్ షరతు. చదువు ముగిశాక కథకుడు ఊరు విడిచి వెళ్లి రచయిత అవుతాడు. థామస్ పెళ్లి చేసుకుని తండ్రి వ్యవసాయాన్ని నెత్తికెత్తుకుంటాడు. 2007లో బోర్దో నగరంలో అచ్చు థామస్ పోలికతో ఒక యువకుడు కథకుడికి ఎదురవుతాడు. అతడు థామస్ కొడుకు. 2016లో అతడే తండ్రి ఆత్మహత్య వార్తను, తండ్రి ఏనాడో రాసి పంపకుండా దాచుకున్న ఉత్తరాన్ని తెస్తాడు.

దీన్ని కేవలం విషాద ప్రేమకథగా చదివితే నవలకు అన్యాయం చేసినట్టే. మితరాఁ అధ్యక్షుడుగా ఉండగా, 1982 ఆగస్టులో, స్వలింగ సంబంధాలకు విడిగా ఉన్న వయోపరిమితిని ఫ్రాన్సు రద్దు చేసింది. అంటే ఈ కథ చట్టం మారిన రెండేళ్లకు జరిగినది. అయినా థామస్ నోరు విప్పలేదు. ఎందుకని? పొలానికి వారసుడు కావాలి. కుటుంబానికి పరువు కావాలి. చదువు కథకుడికి ఊరు దాటే దారి అయింది. థామస్‌కు భూమే బతుకుతెరువు, భూమే సంకెల. కథకుడు ఎప్పటికైనా వెళ్లిపోయేవాడని థామస్‌కు మొదటినుంచీ తెలుసు. అతడి పిరికితనమని మనం అనుకునేది నిజానికి వర్గ వాస్తవికత.

ఇక్కడే నవల బలమూ, పరిమితీ కనబడతాయి. జ్ఞాపకం కూడా అందరికీ సమానంగా పంచిన ఆస్తి కాదని అది నిరూపిస్తుంది. ఒకడికి ఎన్నో పుస్తకాలు మిగిలితే, మరొకడికి పంపని ఉత్తరం ఒక్కటే మిగిలింది. ఆ ఉత్తరాన్ని చివర నిలిపి రచయిత థామస్‌కు మాట ఇచ్చాడు. కాని అతడి శ్రమజీవితం మనకు దూరం నుంచే కనిపిస్తుంది. ఈ రహస్యానికి మూల్యం చెల్లించిన మూడో మనిషి అతడి భార్య. ఆమె దగ్గర నవల తగినంతసేపు ఆగదు. మౌనాన్ని ఇద్దరు ప్రేమికుల సొంత దుఃఖంగా మాత్రమే చూస్తే దాని సామాజిక స్వరూపం సగమే తెలుస్తుంది.

మన దేశంలో పరస్పర సమ్మతితో వయోజనుల మధ్య ఉండే ఇటువంటి సంబంధాలు నేరం కావని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు న్యాయస్థానంలో వెలువడుతుంది. మౌనం మాత్రం ఇంట్లో, పొలంలో, పెళ్లిపందిరిలో పెరుగుతుంది. ఈ వస్తువును చేపట్టే మన రచయితలు వెళ్లిపోయినవాడి బెంగను రాయడంతో ఆగకూడదు. ఉండిపోయినవాడు ఏ పరిస్థితుల్లో నోరు కట్టేసుకున్నాడో, ఆ మౌనంతో ఎవరెవరు కాపురం చేశారో కూడా రాయాలి. అప్పుడే అది వ్యక్తి జ్ఞాపకాన్ని దాటి సామాజిక సాహిత్యం అవుతుంది.