శిల్పం ఎవరి పక్షం? – ‘డీమన్‌లవర్’ సినిమాపై ఒక పరిశీలన

ఒక కళాఖండం తాను విమర్శించే సరుకంత నిగనిగలాడుతూ ఉంటే దాన్ని విమర్శ అనాలా, ఆ సరుకుకు ప్రకటన అనాలా? ఫ్రెంచి దర్శకుడు ఒలివియే అస్సయాస్ 2002లో తీసిన ‘డీమన్‌లవర్’ గురించిన చర్చ ఈ ప్రశ్నతోనే మొదలుకావాలి. ఆ ఏడు కాన్ చలనచిత్రోత్సవంలో పోటీకి నిలిచిన ఈ సినిమాను, అందం ఉంది గాని అర్థం లేదని కొట్టిపారేసిన వాళ్ళున్నారు. ఆ అర్థం లేకపోవటమే గొప్ప అర్థమని తలకెత్తుకున్న వాళ్ళూ ఉన్నారు. వస్తువునుంచి శిల్పాన్ని విడదీసి చూడటం వల్లనే ఈ రెండు వాదాలూ పుట్టాయని నా అభిప్రాయం.

కథ కంపెనీల మధ్య జరిగే గూఢచర్యం. పారిస్‌లోని వోల్ఫ్ అనే పెద్ద వ్యాపార సంస్థ, టోక్యోలో అశ్లీల యానిమేషన్ చిత్రాలు తయారుచేసే ఒక కంపెనీని కొనబోతుంది. ఆ చిత్రాలను ఇంటర్నెట్‌లో అమ్ముకునే హక్కు కోసం మాంగట్రానిక్స్, డీమన్‌లవర్ అనే రెండు సంస్థలు పోటీపడతాయి. వోల్ఫ్‌లో ఉద్యోగం చేసే డయాన్ (నటి కానీ నీల్సన్) నిజానికి మాంగట్రానిక్స్ మనిషి. ఆ బేరం నడుపుతున్న సహోద్యోగిని కారెన్ తాగే మంచినీళ్ళ సీసాలో, విమానంలోనే, సిరంజితో మందు కలుపుతుంది. పారిస్‌లో దిగాక కారెన్ మీద దాడి జరుగుతుంది. ఆమె చేస్తున్న పని డయాన్ చేతికి వస్తుంది.

మామూలు గూఢచారి కథల్లో నేరం వ్యాపారానికి బయటినుంచి వస్తుంది. సక్రమమైన వ్యాపారం ఒకటి ఉంటుంది. దాన్ని చెరచటానికి ఒక దుర్మార్గుడు వస్తాడు. వాడు పట్టుబడగానే వ్యాపారం మళ్ళీ సజావుగా సాగుతుంది, పాఠకుడు నిశ్చింతగా పుస్తకం మూస్తాడు. అస్సయాస్ ఈ నిశ్చింతను మనకివ్వడు. మందు కలిపే చెయ్యీ, ఒప్పందం మీద సంతకం పెట్టే చెయ్యీ ఒకే ప్రపంచానికి చెందినవి. దెని లెనువార్ కెమెరా రెండింటినీ ఒకే చల్లని వెలుతురులో చూపిస్తుంది. నేరం చేసేటప్పుడు వెలుతురు మారదు, గొంతులు పెరగవు. ఇక్కడ శిల్పం అలంకారం కాదు, ఒక వాదం. అద్దాల గదులు, విమానాలు, హోటళ్ళు – ఏ దేశంలో ఉన్నామో చప్పున తెలియదు. పెట్టుబడికి ఊరూ పేరూ అక్కరలేదన్న సంగతి ఉపన్యాసం లేకుండానే మనకు అందుతుంది.

ఈ సినిమా బలమంతా బేరసారాల సన్నివేశాల్లో ఉందని నేననుకుంటాను. డీమన్‌లవర్ ప్రతినిధిగా వచ్చిన అమెరికన్ ఎలేన్‌ను వోల్ఫ్ వాళ్ళు ఒక మాట అడుగుతారు: స్త్రీలను చిత్రహింసలు పెడుతూ చూపించే ‘హెల్ ఫైర్ క్లబ్’ అనే రహస్య సైట్‌తో మీకు సంబంధం ఉందా? ఆమె లేదంటుంది. అడిగిన వాళ్ళ ఆందోళన హింసపడే స్త్రీల గురించి కాదు. రేపు కోర్టులో చిక్కు వస్తుందేమోనన్నదే వాళ్ళ భయం. మనిషి నొప్పి ఒప్పందంలో ఒక షరతుగా మారటాన్ని ఇంత నిబ్బరంగా చూపిన సినిమాలు తక్కువ.

ఇది గాలిలోంచి పుట్టిన కథ కూడా కాదు. ఒకప్పుడు నీళ్ళ సరఫరా కంపెనీ అయిన ఫ్రాన్సు సంస్థ వివెండి, 2000లో సీగ్రమ్‌ను కలుపుకుని హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోకు యజమాని అయింది. దాని అధిపతి జాన్-మరీ మెస్సియే 2002 జులైలో పదవి వదలవలసి వచ్చింది. నీళ్ళూ బొమ్మలూ ఒకే ఖాతా పుస్తకంలో చేరిన కాలంలో తీసిన సినిమా ఇది. అస్సయాస్ తన కాలాన్ని సరిగానే చూశాడు.

అయితే చూడటం ఒకటి, చివరిదాకా చూడటం ఒకటి. ఎలేన్ గదిలో దొంగతనానికి వెళ్ళిన డయాన్ ఆమెతో పెనుగులాడి చంపేస్తుంది. తర్వాత ఆ నేరం ఆనవాళ్ళు ఎవరో తుడిచేసి ఉంటారు. అక్కడినుంచి కథ పీడకలలా సాగుతుంది. నిన్న తన కింద పనిచేసిన ఎలీజ్ ఇవాళ డయాన్‌ను శాసిస్తుంది. ఎవరు ఎవరి మనిషో తెలియదు. సోనిక్ యూత్ బృందం సంగీతం ఆ అయోమయాన్ని ఇంకా చిక్కబరుస్తుంది. వ్యవస్థే అయోమయంగా ఉంది గనుక సినిమా కూడా అలాగే ఉందని సమర్థించేవాళ్ళున్నారు. ఆ వాదంలో కొంత నిజం ఉంది. డయాన్‌కు అన్నీ తెలియనక్కరలేదు. కాని పాత్ర అయోమయం వేరు, రచయిత అయోమయం వేరు. దారి తప్పిన మనిషి కథ చెప్పటానికి రచయిత కూడా దారి తప్పనక్కరలేదు.

అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉంది. హెల్ ఫైర్ క్లబ్‌లో హింసపడే స్త్రీలకు ఈ సినిమాలో పేర్లు లేవు, ఊళ్ళు లేవు, అక్కడికి ఎలా చేరారో చెప్పే కథ లేదు. పై అంతస్తులో కూర్చున్న డయాన్ ఆ స్థలానికి బందీగా చేరిన తర్వాతే అది మనుషులున్న చోటుగా మనకు కనిపిస్తుంది. అంటే సరుకుగా మారటం అనేది, సరుకు అమ్ముకునే వాళ్ళకు జరిగినప్పుడే విషాదమవుతున్నది. శిల్పం ఎవరి పక్షమన్న నా ప్రశ్న సరిగ్గా ఇక్కడ తగులుతుంది.

కాని ముగింపు ఈ సినిమాను నిలబెట్టింది. అమెరికాలో ఒక మధ్యతరగతి ఇల్లు. ఒక కుర్రవాడు తండ్రి క్రెడిట్ కార్డుతో ఆ సైట్‌లోకి వెళ్ళి, తన కోరిక టైపు చేసి, బడి పాఠం ముందేసుకుంటాడు. తెర మీద డయాన్ బందీగా చూస్తూ ఉంటుంది. వాడు ఆమె వైపు చూడడు. వాడు రాక్షసుడు కాడు, ఖాతాదారు. అద్దాల గదుల్లో జరిగిన కుట్రలన్నీ ఎవరి బల్లమీదికి చేరటానికో ఆ ఒక్క దృశ్యం చెబుతుంది. అక్కడ మెరుపు లేదు, వేగం లేదు, సంగీతపు హోరు లేదు. శిల్పం తన సోకును పక్కనపెట్టిన చోట వస్తువు నోరు విప్పింది.

వ్యాపార ప్రపంచాన్ని కథావస్తువుగా తీసుకునే రచయితలు ఈ సినిమా చూడాలి. మొదటి సగంనుంచి ఒప్పందాల భాషను ఎలా వినాలో నేర్చుకోవచ్చు. అది వదిలేసిన పేర్లు ఎవరివో అడిగి, ఆ మనుషుల కథలు రాయవచ్చు.