ఉభయకుశలోపరి దగ్గర ఆగిన ఉత్తరం

సాహిత్య పండితుల పని ఎప్పుడూ పరాయివాళ్ళ కాగితాలతోనే. ఏ కవి ఎవరికి ఉత్తరం రాశాడు, ఏ మాట కొట్టేసి ఏ మాట పెట్టాడు, అదే వాళ్ళ ధ్యాస. అలాంటి మనిషి తన యింటి పాతపెట్టె తెరిస్తే ఏం చేస్తాడు? అంతా విప్పి ఆరబెడతాడా, చప్పున మూత వేసేస్తాడా? లూయిస్ రూబిన్ రాసిన 'మై ఫాదర్స్ పీపుల్' చదువుతున్నంతసేపూ నాకిదే కుతూహలం.

రూబిన్ (1923-2013) అమెరికా దక్షిణాది సాహిత్యానికి పెద్దదిక్కులాంటి విమర్శకుడు. ఛార్లెస్టన్‌లో వొక యూదు కుటుంబంలో పుట్టాడు. వర్జీనియాలో హాలిన్స్ అనే ఆడపిల్లల కాలేజీలోనూ, తరవాత చాపెల్‌హిల్‌లోని నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెప్పాడు. ఆనీ డిల్లార్డ్, లీ స్మిత్ లాంటి రచయిత్రులు ఆయన శిష్యురాళ్ళే. ఆయన ఉత్తరాలూ, కాగితాలూ యిప్పుడు ఆ విశ్వవిద్యాలయం లైబ్రరీలో భద్రంగా వున్నాయి.

2002లో అచ్చయిన యీ పుస్తకంలో కథంతా తండ్రిది, ఆయన అన్నదమ్ములది, అక్కచెల్లెళ్ళది. రష్యా నుంచి వలస వచ్చిన తాతగారికి ఏడుగురు పిల్లలు. ఆయన జబ్బుపడ్డాడు. యిల్లు గడవక ముగ్గురు మగపిల్లల్ని అట్లాంటాలోని యూదుల అనాథాశ్రమానికి పంపేశారు. ఆ ముగ్గురిలో వొకడు రచయిత తండ్రి.

తరవాత అందరూ పైకొచ్చారు. వొకాయన నాటకకర్త అయ్యాడు. మార్లీన్ డీట్రిచ్ నటించిన 'డిసానర్డ్' (1931) సినిమా రచనలో ఆయన చెయ్యి వుంది. యింకొకాయన పత్రికలో చేరాడు. తండ్రి కరెంటు సామాన్ల వ్యాపారం చేసి, పెద్దతనంలో మబ్బుల్ని చూసి వానా ఎండా చెప్పడంలో పేరు తెచ్చుకున్నాడు. ఆశ్రమం సంగతి మాత్రం యింట్లో ఎవరూ పెద్దగా ఎత్తేవారు కాదు. ఉభయకుశలోపరి అని రాసి, ఆ తరవాత కలం ఆపేసినట్టన్నమాట!

రూబిన్ గొప్పతనం యిక్కడే కనిపిస్తుంది. ఎందుకు దాచారని దెప్పడు. అయ్యో పాపం అని మనచేత కన్నీళ్ళు పెట్టించడు. నవలలో పాత్ర చెప్పని మాటని ఎంత నెమ్మదిగా వింటాడో, సొంతవాళ్ళ మౌనాన్నీ అంత నెమ్మదిగానే విన్నాడు.

నాకు లోటనిపించింది వొక్కటే. ముగ్గురు పిల్లల్ని పంపిన తల్లి మాటేమిటి? ఎవర్ని పంపాలో, ఎవర్ని వుంచుకోవాలో ఎలా తేల్చుకుంది? పిల్లల బట్టలు మడత పెడుతూ ఏమనుకుంది? మగవాళ్ళ వుద్యోగాలూ వ్యాపారాలూ కాగితం మీదికెక్కినంత సులువుగా యివి ఎక్కవు. ఎంత పండితుడైనా, లేని కాగితాన్ని చదవలేడు కదా.

వొక్క సంగతి మాత్రం తలుచుకోకుండా వుండలేను. రూబిన్, షానన్ రావెనెల్ అనే ఆమెతో కలిసి అల్గాన్‌క్విన్ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు. తన శిష్యురాలు కే గిబ్బన్స్ తొలి నవల 'ఎలెన్ ఫాస్టర్'ని 1987లో ఆ సంస్థే అచ్చువేసింది. తల్లీ తండ్రీ పోయిన వొక చిన్నపిల్ల, తనకో యిల్లు వెతుక్కున్న వైనం తన నోటితో తనే చెప్పే కథ అది. రెంటికీ ముడిపెట్టడం నా చాదస్తమే కావచ్చు. అయినా తన యింట్లో ఎవరూ విప్పని మాట, ఆ పిల్ల నోట విన్నప్పుడు ఆయనకేమనిపించి వుంటుందో!

మీ యింట్లోనూ పాత ఉత్తరాల కట్ట వుంటే, కాగితాలవాడికి వేసే ముందు వొకసారి విప్పండి. అందులో లేనిదేమిటో మీ అత్తగార్నో అమ్మనో అడగండి. వాళ్ళు చెప్పేలోగా ఎసట్లో బియ్యం మాడినా ఫరవాలేదు.