వంటింటి మూల ఎత్తు కుర్చీ

వంటింటి పని మీద తీసిన సినిమాలో ఆడమనిషి దాదాపుగా కనబడకపోవడం ఎలా సాధ్యం? నార్వే దర్శకుడు బెంట్ హామర్ 2003లో తీసిన ‘కిచెన్ స్టోరీస్’ చూశాక నాకు ముందు కలిగిన సందేహం ఇదే.

కథ 1950ల నాటిది. స్వీడన్‌లోని గృహ పరిశోధన సంస్థ ఇల్లాలి అడుగులు లెక్కపెట్టేసింది. వంట పేరుతో ఏడాదిలో ఆమె నడిచే నడక స్వీడన్ నుంచి కాంగో దాకా ఉంటుందట! ఇక మిగిలింది ఒంటరి మగవాళ్ళ వంటిళ్ళు. నార్వేలోని ఓ పల్లెకి పరిశీలకులు దిగుతారు. ఫోల్కే అనే ఆయన ఇసాక్ అనే ముసలాయన వంటింటి మూల ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుంటాడు. మాట్లాడకూడదు, సాయం చెయ్యకూడదు, చూసి రాసుకోవాలంతే. గుర్రం ఇస్తారనుకుని ఒప్పుకున్న ఇసాక్‌కి దక్కింది రంగులేసిన బొమ్మగుర్రం. మరి ఊరుకుంటాడా? పైగదిలో వండుకోవడం మొదలుపెట్టి, అక్కడి నేలకి కన్నం పొడిచి, తనే ఫోల్కేని గమనిస్తూ కూర్చుంటాడు. ఈ ఎదురుచూపు (తిరిగి చూడటమని నా అర్థం) నాకెంతో నచ్చింది. ఇద్దరి మధ్యా మెల్లగా ఏర్పడే స్నేహం కూడా.

కానీ ఒక మాట. అలాంటి సంస్థ స్వీడన్‌లో నిజంగానే 1944లో పుట్టింది. దాన్ని పుట్టించినవాళ్ళు గృహిణుల సంఘాలవాళ్ళు, గృహవిజ్ఞానం చెప్పే పంతులమ్మలు. బ్రీతా ఓకర్‌మన్, కారిన్ బోల్ట్ వంటి స్త్రీలు అందులో ముందు నిలిచారు. గట్టు ఎంత ఎత్తుండాలి, గిన్నెలు ఎక్కడ కడగాలి, నడుం ఎందుకు నొప్పెడుతుంది అన్నవి శాస్త్రం పట్టించుకోవాల్సిన ప్రశ్నలేనని వాళ్ళు పట్టుబట్టారు. 1950లో స్వీడన్ వంటింటి కొలతల ప్రమాణాల వెనక ఉన్నది ఆ శ్రమే. సినిమాలో ఆ కుర్చీల మీద ఉన్నవాళ్ళూ, వాళ్ళ పై అధికారులూ అందరూ మగవాళ్ళే. హాస్యం కోసమే కావచ్చు. ఆ హాస్యంలో కొట్టుకుపోయింది మాత్రం ఆడవాళ్ళ చరిత్ర.

అలాగని ఆ పరిశోధకులని నెత్తిన పెట్టుకోలేను. అడుగులు తగ్గించారు సరే, ఆ అడుగులన్నీ ఒక్కరే ఎందుకు వెయ్యాలన్నది కొలతల్లో లేదు. ఇల్లూ పిల్లలూ ఇద్దరి పనీ అని ఈవా మోబెర్గ్ 1961లో తన వ్యాసంలో గట్టిగా వాదించాక గానీ అక్కడ ఆ చర్చ రాజుకోలేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య మా ఫ్లాట్‌కి ‘స్కాండినేవియన్ స్టైల్’ వంటిల్లు అనుకున్నాం. తెల్ల తలుపులు, లేతరంగు చెక్క. డిజైనర్ అబ్బాయి టేపుతో మూడు గోడలూ కొలిచాడు. బడ్జెట్ ఎంతని మావారిని అడిగాడు. నా ఎత్తు అడగలేదు. నేను 4 అడుగుల 11 అంగుళాలు. గిన్నెలు కడిగే ఆమె నాకన్నా పొట్టి. ఆమె సంగతి అతనికే కాదు, నిజం చెప్పాలంటే, అప్పటిదాకా నాకూ తట్టలేదు.

మర్నాడు అతన్ని మళ్ళీ పిలిచాను. మేమిద్దరం గోడకి ఆనుకుని నిలబడి మోచేతులు వంచాం. పెన్సిల్‌తో రెండు గీతలు గీయించాను. కాసేపు వాటికేసి చూసి అన్నాడు:

“బాక్సులు ఒకటే ఎత్తులో వస్తాయి మేడమ్. ఇంటర్నేషనల్ స్టాండర్డ్.”