రాత ఏ శాఖ బాధ్యత? - శబరి తీరం నుంచి ఒక పరిశీలన

మన కళాశాలల్లో రాయడం నేర్పడమన్నది భాషాశాఖ పనిగానే చెలామణి అవుతున్నది. వృక్షశాస్త్రం, వాణిజ్యం, చరిత్ర బోధించే శాఖలు విద్యార్థి రాతను పరీక్షల్లోనే చూస్తాయి. అప్పుడైనా చదివింది గుర్తున్నదా లేదా అన్నదే వాటి పరిశీలన. ఈ విభజన వల్ల కలిగే నష్టం సుక్మా వంటి చోట మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

శబరి ఒడ్డున ఉన్న సుక్మా 2012లో దంతెవాడ నుంచి విడివడి జిల్లా అయింది. ఇక్కడ ఇంట్లో గోండీ గాని దోర్లీ గాని మాట్లాడుతారు. సంతలో హల్బీ, కొంటా వైపు తెలుగు, తరగతిలో హిందీ వినిపిస్తాయి. 2005 తరువాతి సంఘర్షణలో ఎన్నో బడులు మూతపడిన ఈ సీమలో, కళాశాల గడప తొక్కినవారిలో అనేకులు తమ కుటుంబంలో తొలి తరం విద్యావంతులు. వారికి తెలిసిన విషయం ఒక భాషలో, రాయవలసిన జవాబు మరొక భాషలో ఉంటాయి. ఆ దూరాన్ని దాటించే బోధన లేనప్పుడు కంఠస్థమే శరణ్యమవుతుంది.

రాత నేర్చినదాన్ని ప్రదర్శించే సాధనమే కాదు, నేర్చుకునే మార్గం కూడా అన్న భావన 1970వ దశకంలో అమెరికా కళాశాలల్లో బలపడింది. జానెట్ ఎమిగ్ 1977లో ప్రకటించిన వ్యాసం దీనికి సైద్ధాంతిక పునాది వేసింది. హవాయీ విశ్వవిద్యాలయం మనోవా ప్రాంగణంలో వివిధ శాఖలు రచనాప్రధానమైన కోర్సులను నడుపుతున్నాయి. తరగతికి 20 మందికి మించకుండా, ఒక్కొక్కరు కనీసం 4000 పదాలు రాసేలా, ఆ రాతపై అధ్యాపకుడు విద్యార్థితో చర్చించేలా అక్కడ నియమాలున్నాయి.

ఈ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోలేం. కిక్కిరిసిన తరగతులు ఒక అడ్డంకి. అంతకన్నా ముందు తేలవలసిన ప్రశ్న, ఏ భాషలో రాయాలన్నది.

తెలుగువారికి ఈ ప్రశ్న కొత్త కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకటరామమూర్తి సవరల భాష నేర్చి, తెలుగు లిపిలో దానికి వాచకాలు సిద్ధం చేశారు. విద్యార్థి పరీక్షలో వ్యాసాన్ని వ్యావహారికంలో రాయవచ్చునా అన్న వివాదం 1910వ దశకంలో మద్రాసు ప్రభుత్వం దాకా వెళ్లింది. ఆ పోరాటం సాహిత్యంలో, పత్రికల్లో కాలక్రమాన విజయం సాధించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులోకి తెచ్చింది. అయితే చదవడానికి పుస్తకం వచ్చినంత మాత్రాన, సొంత మాటల్లో రాసే అలవాటు దానంతట అదే రాదు.

సుక్మాలో ఆ అలవాటుకు కావలసిన సామగ్రి పుష్కలంగా ఉంది. 50 తునికాకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక ప్రామాణిక సంచి. ఈ లెక్కను వాణిజ్యశాస్త్ర విద్యార్థి బాల్యం నుంచీ చూసి ఉంటాడు. ఒక కుటుంబపు తునికాకు రాబడిని, శ్రమను, వ్యయాన్ని అతడు రెండు పుటల్లో వివరించగలిగితే వ్యయగణనం అర్థమైనట్టే. ఇప్పచెట్టు పూతకాలాన్ని గమనించి రాయడం వృక్షశాస్త్రమే అవుతుంది.

గోండీ రాని అధ్యాపకుడు ఆ రాతను ఎలా దిద్దుతాడన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఉద్యోగాలకు హిందీ కావాలన్నదీ నిజమే. అందుకే తొలి ప్రతిని తన భాషలో, తెలిసిన లిపిలో రాయనిచ్చి, తోటివారి ఎదుట చదివించి, తుది ప్రతిని హిందీలో రాయించడం మేలు. అధ్యాపకుడు రెండవదాన్ని దిద్దవచ్చు. కాని దానికి ప్రాణం మొదటిదే.

ఉన్నత విద్యలో మాతృభాషలకు మరింత చోటివ్వాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతున్నది. ఆ మాట అనువాద గ్రంథాలతోనే నెరవేరదు. ప్రతి శాఖా ఏడాదికి ఒక్క కోర్సులోనైనా విద్యార్థి చేత రాయించి, చదివి, మళ్లీ రాయించాలి. అలా జరగని పక్షంలో అడవిని ఎరిగిన బిడ్డ అడవి గురించి ఇతరులు రాసినదాన్ని వల్లించి పట్టభద్రుడవుతాడు. అతని పట్టాకు విలువ ఉండవచ్చు. అతని ఎరుక మాత్రం ఎక్కడా నమోదు కాదు.